పాండు వెనకాల తెల్లకారు

పాండు ఎన్నికల్లో నిలబడ్డ నాటి నుంచి సక్కుబాయికి ముద్ద దిగడం లేదు. కొట్లాటలో కొడుకు తల పగులుతుందని ఒక భయం, పోలీసులు పట్టుకుపోతారని ఇంకో భయం. అన్నిటికన్నా పెద్దది తమ్ముడి గురించి. అదే వార్డులో ఆమె తమ్ముడు గోవర్ధన్ పార్టీ టికెట్టు మీద కౌన్సిలర్‌గా పోటీ చేస్తున్నాడు. చుట్టాల ఓట్లు మేనమామకు సగం, మేనల్లుడికి సగం పడితే గెలిచేది ఎదుటి పార్టీవాడే. ఓడిపోయిన తమ్ముడు మళ్లీ తన గడప తొక్కుతాడా? పుట్టింటి వైపు ఆమెకు మిగిలింది అతనొక్కడే.

"ఇండిపెండెంట్‌గ నిలబడ్డనే అమ్మా, ఎవ్వని అండ లేదు," అంటాడు పాండు. ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబ్ నడుపుకునేవాడికి ఇన్ని ఫ్లెక్సీలు, ఇన్ని బిర్యానీ పొట్లాలు ఎక్కడివని అడిగితే, "నీకు తెల్వది, ఊకో" అంటాడు. ఊరుకుంది. ఎన్నాళ్లని ఊరుకుంటుంది?

ఒక పొద్దున ప్రచారం తమ వాడకే వచ్చింది. వాకిట్లోకి వచ్చిన అభ్యర్థికి ఆడవాళ్లు బొట్టు పెట్టి హారతివ్వాలి, కన్నకొడుకైనా సరే. సక్కుబాయి పళ్లెంలో కర్పూరం వెలిగించి బయటికొచ్చింది. పాండు మెడలో దండతో నిలబడ్డాడు. అంతలో మైకు ఆటో పాట అందుకుంది. తమ్ముడి మీద పోటీ చేస్తున్న ఎదుటి పార్టీ పాట! నిన్నటిదాకా వాళ్లకు తిరిగిన ఆటో అది, డ్రైవర్ పెన్‌డ్రైవ్ మార్చడం మరిచాడు.

"బంద్ చెయ్‌రా!" అని పాండు అరిచాడు.

"ఏంది పాండూ, ఎవ్వని అండ లేదంటివి, మరి గా పాట ఎవ్వనిదిరా?" అంది ఎదురింటి సత్తెమ్మ. వాడంతా నవ్వింది.

సక్కుబాయి చూపు ఆటో వెనక ఆగిన తెల్లకారు మీద పడింది. లోపల చెన్నయ్య. ప్లాట్ల వ్యాపారి, ఎదుటి పార్టీకి చందాలిచ్చే పెద్దమనిషి. ఫ్లెక్సీలు, బిర్యానీలు ఎక్కడివో ఒక్కసారిగా అర్థమైంది. కొడుకును దాటుకుని పోయి కారు అద్దం తట్టింది.

"దిగు చెన్నయ్యన్నా, హారతి తీస్కో."

"నాకెందుకు చెల్లె? నిలబడ్డది నీ కొడుకు గదా!"

"వాడు ఉత్త అంగి అన్నా. అంగిల ఉన్నది నువ్వే. జర తల వంచు, బొట్టు పెడ్త."

చెన్నయ్య అద్దం ఎత్తేసి కారు వెనక్కి తిప్పించాడు.

పాండు మొహం మాడిపోయింది. "ఇజ్జత్ తీసినవమ్మా. ఇగ పేరు వాపస్ తీసుకుందామన్నా గడువు అయిపాయె."

"పేరు ఉంటే ఉండనీ. నోరున్నది గదా! పో, మీ మామ ఇంటికి పో. ఓటు నాకెయ్యకుండ్రి, మా మామకెయ్యుండ్రని గా నోటితోనే చెప్పు."

వాడు దండ తీసి గోడ మీద పడేసి వెళ్లిపోయాడు. వెళ్లగానే ఆమెకు కొత్త భయాలు పట్టుకున్నాయి. తమ్ముడు తలుపు వేసుకుంటే? చెన్నయ్య మనుషులు దారిలో ఆపితే? కర్పూరం ఆరిన పళ్లెంతో అక్కడే నిలబడింది. నెత్తి మీద విమానం పోతుంటే ఫోన్ మోత కూడా సరిగ్గా వినబడలేదు.

ఎత్తగానే "అక్కా," అని గోవర్ధన్ గొంతు. "నీ కొడుకు వచ్చి మా గల్మల నిలబడ్డడు. లోపటికి రాడు, పోడు. ఏం జెయ్యాలె వీన్ని?"

"నాలుగు తిట్టు తమ్మీ," అంది సక్కుబాయి ఏడుపాపుకుంటూ. "తిట్టి అన్నం పెట్టు. పొద్దుగాల్నుంచి ఏం తిన్లేదు."