బీటలు వారిన బుధుడు

బొమ్మల మేస్త్రి నోరు తెరిస్తే మూడొంతులు కోతలే. తాను చేసిన శనిగ్రహం ఎంత తేలిగ్గా కుదిరిందంటే, ఫ్యాను వేయగానే లేచివెళ్లి అటక మీద కూర్చుందనీ, చుట్టూ ఉన్న వలయం పట్టుకుని కిందికి లాగాల్సి వచ్చిందనీ చెప్పేవాడు. విన్నవాళ్లు కడుపు పట్టుకుని నవ్వేవాళ్లు. వాళ్లావిడ మాత్రం తల ఎత్తకుండా, "ఆ వలయానికి నేనేసిన రంగు అప్పటికి ఆరనే లేదు. నీ చేతికి అంటలేదేమయ్యా?" అనేది.

సైన్సు ప్రదర్శనశాలకి గ్రహాల బొమ్మలు చేయడం వాళ్ల పని. మట్టి ఆయనది, రంగు ఆవిడది. పెద్ద గ్రహాలన్నీ బండెక్కి వెళ్లిపోయాయి. సూర్యుడి పొయ్యి పక్కనే కూర్చున్న బుడ్డోడు, బుధుడు మిగిలాడు. సరిగ్గా వాడి దగ్గరికి వచ్చేసరికి ఆవిడ కళ్లు మొరాయించాయి. చూపు అంచుల నుంచి లోపలికి మూసుకొస్తోంది. "పోయిన చూపు తిరిగి రాదమ్మా. ఉన్నది కూడా ఎక్కువ రోజులు ఆగేట్టు లేదు" అని కంటి డాక్టరు తేల్చేశాడు. ఇప్పుడు ఆవిడకి లోకమంతా సీసా మూతంత.

"వీడికి కూడా నేనే రంగు వేస్తాను. ఆ తర్వాత కుంచెలు ఎవరికైనా ఇచ్చెయ్" అంది.

ఆ మాటతో మేస్త్రికి పూనకం వచ్చినట్టయింది. ఆవిడ చేతి చివరి గ్రహం ఆషామాషీగా ఉంటే ఎలా? ఎప్పుడూ గడ్డి ఉండ చుట్టి, దాని మీద మట్టి మెత్తేవాడు. మట్టి ఆరుతూ ముడుచుకుంటే లోపలి గడ్డి కూడా అణిగి చోటిచ్చేది. ఈసారి పుస్తకం తిరగేసి, బుధుడి లోపలంతా ఇనుమేననీ, రాయి పైపైన తొక్కేననీ చదివాడు. ఇంకేం, వెల్డింగ్ షాపు నడిపే బావమరిది దగ్గరికి పరిగెత్తాడు.

బావమరిది ఇనుప గుండు మోసుకొచ్చి ధబీమని దించాడు. "బావా, ఇది గ్రహమా, గానుగా? నా నడుం ఎక్కడో కక్ష్యలో తిరుగుతోంది."

మేస్త్రి గుండుకి మట్టి పట్టించాడు. గరిటె వెనకవైపుతో గుంటలు నొక్కాడు, పెద్ద గిన్నె బోర్లించి ఒక మహా గొయ్యి తీశాడు. ధ్రువం దగ్గర లోతైన గుంటలు తొలుస్తూ ఆవిడకి చెప్పాడు. "వీడి పగలు సీసం కరిగిపోయేంత వేడి. వేడిని పట్టి ఉంచడానికి గాలి దుప్పటి లేదు కదా, రాత్రయితే గడ్డకట్టే చలి. ఈ గుంటల్లో అసలు ఎండే పడదు. పొయ్యి పక్కనే ఉంటూ లోపల మంచు దాచుకున్నాడు."

"ఒక పక్క కాగుతూ, ఒక పక్క గడ్డకడుతూ, లోపలంతా ఇనుము. అచ్చం మా అత్తగారే" అంది ఆవిడ.

మట్టి ఆరడం మొదలైంది. ఒక పొద్దున ధ్రువం నుంచి వెంట్రుకంత గీత కనిపించింది. మేస్త్రి తడి మట్టితో పూడ్చాడు. మధ్యాహ్నానికి అది మళ్లీ నోరు తెరిచింది, పక్కన ఇంకోటి పుట్టింది. తడిగుడ్డ కప్పాడు, జిగురు పోశాడు, బతిమాలాడు, తిట్టాడు. బీటలు ఆయన మాట వినలేదు.

"అసలు బుధుడి మీద కూడా గట్లూ మడతలూ ఉన్నాయన్నావుగా బావా? ఇవీ అవేననుకో" అన్నాడు బావమరిది.

"అవి వేరురా. అక్కడ లోపలి ఇనుము చల్లారి ముడుచుకుంటే, పైతొక్క వదులై మడతలు పడి గట్లుగా లేచింది. ఇక్కడ కథ తిరగబడింది. తొక్క ముడుచుకుంటానంటోంది, నీ ఇనుము వెంట్రుకవాసి కూడా తగ్గనంటోంది."

"నా ఇనుమా? గడ్డి చాలని నేనంటే విన్నావా?"

మేస్త్రి వేళ్ల మీద రోజులు లెక్కపెట్టాడు. పగలగొట్టి మళ్లీ గడ్డి మీద మెత్తితే, అది ఆరేసరికి నెల దాటుతుంది. ఆ నెల ఇవ్వడం ఎవరి చేతిలోనూ లేదు.

మర్నాడు ఆవిడ కిటికీ దగ్గర పీట వేయించుకుంది. బూడిద, బొగ్గు నూరి రంగు కలుపుకుని, ముక్కు గోళానికి ఆనించినంత దగ్గరగా కూర్చుంది. మేస్త్రి పక్కనే నిలబడి గోళాన్ని మెల్లగా తిప్పుతున్నాడు. సీసా మూతంత చూపు ఎక్కడుంటే అక్కడికి కుంచె వెళుతోంది. దాటిపోయిన చోటు ఆవిడకి మళ్లీ కనిపించదు.

"ఈ గుంటలకి ఏం రంగు?"

"నలుపే. ఎండ పడదుగా."

"నలుపుకేం, నాకిప్పుడు అన్నిటి చుట్టూ అదే."

అప్పుడు టిక్కుమంది. ఆవిడ ముందుగా రంగు వేసిన వైపు, అరచేయంత పెచ్చు ఊడింది. అది నేల మీద పడకముందే మేస్త్రి పట్టుకున్నాడు. అది ఉన్న చోట ఇనుము నున్నగా మెరుస్తోంది. చేతిలోని పెచ్చు మీద ఆవిడ కుంచె గీతలు ఇంకా తడిగా ఉన్నాయి. అతికించబోతే రంగు చెరుగుతుంది, కింద పెడితే చప్పుడవుతుంది. అలాగే పట్టుకుని నిలబడిపోయాడు.

"ఆగావేం? తిప్పు. ఎలా వస్తోందో చెప్పు."

శనిగ్రహాన్ని అటకెక్కించిన నోరు అది. ఎంత వెతికినా అందులో ఒక్క కోతా దొరకలేదు.

"బాగుంది" అన్నాడు.

ఆవిడ కుంచె ఒక్క క్షణం ఆగింది. "ఇంత పొట్టిగా ఎప్పుడూ చెప్పలేదే నువ్వు" అంది. మళ్లీ రంగులో ముంచి, తనకి కనిపిస్తున్నంత మేర వేసుకుంటూ పోయింది. మేస్త్రి ఒంటి చేత్తో గోళం తిప్పాడు. ఇంకెక్కడో మళ్లీ టిక్కుమంది.