బస్సుకి పద్దెనిమిది రోజులు

షెడ్డులో ఎక్కడ బ్రేకు కీచుమన్నా బస్సులు కడిగే మనిషి చేతిలోంచి బకెట్టు జారిపోయేది. "పిరికిబాబు మళ్లీ పారేశాడ్రోయ్!" అంటూ మెకానిక్కులు పగలబడి నవ్వేవారు. ఆ నవ్వుల్లో హెడ్ మెకానిక్ నవ్వు కూడా కలిసేది. పిరికిబాబు అతని సొంత తమ్ముడే.

ఒకప్పుడు ఆ తమ్ముడు మంచి డ్రైవరు. ఏడేళ్ల కిందట జోరువానలో సైకిలు మీద వెళుతున్న మనిషి జారి, అతని బస్సు కింద పడి చనిపోయాడు. విచారణలో డ్రైవరు తప్పు లేదని తేలింది. మూడో రోజునే అన్న అతణ్ణి డ్యూటీకి తరిమాడు. "గోరంతని కొండంత చేసుకోకు. స్టీరింగ్ పట్టుకుంటే అదే పోతుంది" అన్నాడు. తమ్ముడు నడిరోడ్డు మీద బస్సాపి, ప్రయాణికుల ముందే ఏడ్చాడు. ఆ తర్వాత అతనికి మిగిలింది బకెట్టే.

అన్న చెడ్డవాడని అనుకోకండి. ఇంజను దగ్గు విని దాని జబ్బు చెప్పగల నేర్పరి. తమ్ముడి జబ్బు మాత్రం అతనికి నటనలా కనిపించింది.

చివరికి తమ్ముడి భార్యే భర్తను మానసిక వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్లింది. ఆవిడ అతణ్ణి ఆ రోజును తలచుకోమని, అటూ ఇటూ కదిలే తన వేళ్లను కళ్లతో వెంబడించమనేది.

"వేళ్లూపితే భయం పోతుందా? అయితే రేపట్నించి ఇంజన్లకీ వేళ్లే ఊపుదాం, పానాలెందుకు!" అన్నాడు అన్న.

"జరిగింది చెరిగిపోదు బావగారూ. కానీ గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పుడే జరుగుతున్నట్టు ఇక ఉండదంట. ఆయనకి అది చాలు" అంది మరదలు.

నాలుగు నెలల తర్వాత ఒకరోజు షెడ్డులో బ్రేకు కీచుమంది. బకెట్టు పడలేదు. తమ్ముడు ఒక్క క్షణం ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ అద్దం తుడవసాగాడు. నవ్వబోయిన నోళ్లు మూతపడ్డాయి.

అన్న పరుగున వచ్చాడు. "ఇక స్టీరింగ్ పట్టుకోరా! మేనేజరుతో నేను మాట్లాడతా."

"వద్దన్నయ్యా. ఆ సీటూ పోయింది, ఆ ఇష్టమూ పోయింది. ఒకటడుగుతాను చెప్పు. ఆ ప్రమాదం తర్వాత బస్సుని ఎన్నాళ్లు షెడ్డులో ఉంచావు?"

"పద్దెనిమిది రోజులు. బోల్టులతో సహా అన్నీ విప్పి చూశా" అన్నాడు అన్న గర్వంగా.

"మరి నన్ను?"

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని అన్నకు అనిపించింది.

"రెండు రోజులు" అని తల దించుకున్నాడు.

ఇప్పుడు దెబ్బతిన్న బస్సు ఏది వచ్చినా హెడ్ మెకానిక్ ముందుగా పానా ముట్టుకోడు. డ్రైవరెక్కడని అడుగుతాడు. అవతల తమ్ముడు బస్సు కడుగుతున్న చప్పుడు వింటూ, తన కింద పనిచేసేవాళ్లకి ఒకే మాట చెబుతాడు:

"ఇనుముకిచ్చినంత వ్యవధి నా తమ్ముడికి ఇవ్వలేకపోయానురా. మనసుకి తగిలింది కూడా దెబ్బే. దాన్ని చూసి నవ్వకండి, డాక్టరుకి చూపించండి."