మంచం అంచున

ఆకాశంలోకి మొట్టమొదట ఎవర్ని పంపాలో తేల్చడానికి పెద్దలు కనిపెట్టిన పరీక్ష ఏమిటంటే, మనిషిని చప్పుడు చొరబడని గదిలో పెట్టి తాళం వేయడం. లోపల ఓ మంచం, ఓ దీపం. బయట అద్దం వెనక డాక్టరుగారు. ఇలాంటి ఆలోచనలు మహామేధావులకే వస్తాయి మరి.

ముందు వెళ్ళిన పైలట్ మహాశూరుడు, తుఫానులో విమానం దింపినవాడు. రోజు తిరక్కుండానే తలుపు బాది, గోడలతో గొడవపడి, బయటికొచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికెళ్ళిపోయాడు.

తర్వాతి వంతు బుడ్డదానిది. పొట్టిదని ఇంట్లో పెట్టిన పేరు అదే ఇక్కడా అంటుకుంది. ఐదుగురు అక్కచెల్లెళ్ళకీ ఒకటే మంచం. ఒకరు ఒత్తిగిలితే ఐదుగురూ ఒత్తిగిలాల్సిందే. బుడ్డదానికి దక్కింది గోడవైపు అంచు. పెద్దయ్యాక పారాచూట్లు కుట్టే కార్ఖానాలో చేరింది. తన కుట్టు ఎంత గట్టిదో చూద్దామని ఓసారి దూకింది, దూకడం మరిగింది, ఇక్కడిదాకా వచ్చింది. ఈ గది గట్టెక్కకపోతే మళ్ళీ కుట్టుమిషను ముందుకే. అది తలచుకుంటేనే ఆమెకు గుండె జారిపోయేది.

తలుపు పడగానే బుడ్డది ఆదమరిచి నిద్రపోయింది. లేచి, పెట్టింది తిని, మళ్ళీ నిద్రపోయింది.

డాక్టరుగారికి కంగారు పుట్టింది. ఏడవదు, అరవదు, పైగా అంత వెడల్పు మంచంలో గోడకి అతుక్కుని పడుకుంటుంది. పక్కన ఎవరో ఉన్నారని భ్రమపడుతోందని, మతి చలించిందని, పంపడం క్షేమం కాదని తీర్మానం రాసేశారు. పుట్టిన దగ్గర్నుంచీ సొంత గదిలో పడుకున్న పెద్దమనిషి, ఆయనకి ఇంకేం తోస్తుంది పాపం.

ఇంటికి పంపేముందు మర్యాదకి, మిగతా మంచం ఎవరికి వదిలావని అడిగారు.

"మా వాళ్ళకండీ. లేరని తెలుసు. కానీ నడుం వాల్చగానే ఒళ్ళు దానంతటదే జరుగుతుంది," అంది బుడ్డది. "నన్ను వెనక్కి పంపేస్తారా?"

డాక్టరుగారు తన తీర్మానం తానే చింపేసి, ఆమెని వ్యోమనౌక దగ్గరికి తీసుకెళ్ళారు. మోకాళ్ళు గుండెకి తగిలేంత ఇరుకు. ఇంతకన్నా చోటు లేదని ఇంజినీరు నొచ్చుకున్నాడు.

బుడ్డది లోపలికి తొంగిచూసింది. "ఇందులో నేనొక్కదాన్నేనా అండీ?"

ఒక్కదానివే అన్నారు. ఆమెకు పట్టలేనంత సంతోషం కలిగింది. ఎక్కి, కాస్త పక్కకి జరిగి కూర్చుంది.