బెంగ్ మెలియా దారిలో

మాలిస్ నిమ్మగడ్డిని సన్నగా తరుగుతుంటే మొగుడు విసాల్ వెనకనుంచి వచ్చి కుండ మూత ఎత్తి చూశాడు.

"రేపు ఈ అతిథుల్ని ఎటు తిప్పమంటావు, ఓన్?"

పెళ్ళైన నాటినుంచీ అతనికి ఆమె ఓన్, అంటే చిన్నది; ఆమెకి అతను బాంగ్, అంటే పెద్దవాడు. ఆమె కత్తి ఆపలేదు. "ఎండెక్కకముందే బెంగ్ మెలియా గుడికి తీసుకెళ్ళండి. ముగ్గురూ పెద్దవాళ్ళు. వాళ్ళలో పెద్దావిడకి మోకాళ్ళ నొప్పులున్నట్టున్నాయి, పొద్దున లేస్తుంటే చూశాను. రాళ్ళు ఎక్కించకండి, చెక్కల బాట మీదుగానే నడిపించండి. భోజనం అక్కడే చెట్ల నీడలో పెట్టెయ్యండి. వచ్చేటప్పుడు కంపాంగ్ ఖ్లేయాంగ్ పల్లె మీదుగా రండి బాంగ్. ఇప్పుడు సరస్సు నీళ్ళు ఇళ్ళ మెట్లదాకా వచ్చుంటాయి, పడవలో తిరిగితే బావుంటుంది."

"సరే సరే" అంటూ గరిటెతో పులుసు రుచి చూసి, ఉప్పు తక్కువైందని చెప్పి వెళ్ళిపోయాడు. కాసేపటికి ముందు వరండాలోంచి అతని గొంతు వినిపించింది.

"నేనేమనుకుంటున్నానంటే పిన్నీ, రేపు బెంగ్ మెలియా వెళ్దాం. మీ మోకాళ్ళకి ఇబ్బంది లేకుండా చెక్కల బాట మీదుగా..."

"అబ్బ! ఎంత ముందుచూపయ్యా నీకు" అంది బొఫా. ఆవిడ నోమ్ పెన్‌లో బడిపంతులమ్మగా చేసి రిటైరైంది. పోయిన పెద్దల్ని తలుచుకునే ఫ్చుమ్ బెన్ సెలవులకి ఇద్దరు చెల్లెళ్ళని వెంటబెట్టుకుని సియెమ్ రీప్ వచ్చింది.

మాలిస్ పులుసులో చిటికెడు ఉప్పు వేసింది. కోపం రాలేదు. పెళ్ళై ఈ గెస్ట్‌హౌస్‌లో అడుగుపెట్టినప్పటినుంచీ జరుగుతున్నదే కదా. ఆంకోర్ వాట్‌లో సూర్యోదయం చూడ్డానికి ఏ చెరువు గట్టున నిలబడాలో, పసిపిల్లలున్నవాళ్ళు తా ప్రోమ్‌కి ఎప్పుడు వెళ్తే రద్దీ ఉండదో, బంతే శ్రేయ్ ఎర్రరాయి ఏ వెలుగులో మెరుస్తుందో, కులేన్ కొండ మీద జలపాతం దగ్గర ఏ రాయి జారుతుందో, అన్నీ ఆమె ఈ పొయ్యి దగ్గర నిలబడే నేర్చుకుంది. తిరిగొచ్చినవాళ్ళు అన్నం తింటూ చెప్పుకునే కబుర్లలోంచి, డ్రైవర్ల విసుగుల్లోంచి, గుమ్మంలో విడిచిన బూట్లకి అంటిన మట్టి రంగులోంచి పోగేసుకుంది. దాన్ని పని అని ఎవరూ అనలేదు కాబట్టి తనూ అనుకోలేదు. గైడు విసాల్, యజమాని విసాల్, పొగడ్తలన్నీ విసాల్‌వి. "నీకేం ఓన్, కుర్చీలోంచి కదలకుండా ఊరంతా తిప్పేస్తావు" అంటాడు ముద్దుగా. వంటింట్లో కుర్చీ లేదన్న సంగతి ఇన్నేళ్ళలో అతను గమనించనే లేదు.

బెంగ్ మెలియా సంగతి మాత్రం వేరు. ఆ గుడికి వెళ్ళే దారిలోనే ఆమె పుట్టిన ఊరు త్రపాంగ్ స్వాయ్. చిన్నప్పుడు ఆ గుడి చుట్టూ మందుపాతరలుండేవి. పుర్రె బొమ్మ వేసిన ఎర్ర పలకలు దాటి అడుగేస్తే కాళ్ళు విరగ్గొడతానని నాన్న బెదిరించేవాడు, అవి మిగిలితే కదా అని అమ్మ గొణిగేది. మందుపాతరలన్నీ ఏరేసి, జనాన్ని గుళ్ళోకి రానిచ్చేసరికి మాలిస్‌కి పెళ్ళైపోయింది. ప్రపంచంలో ఎక్కడెక్కడి వాళ్ళో ఆమె చెప్పిన దారిన ఆమె ఊరు దాటుకుంటూ వెళ్ళి ఆ గుడి చూసొచ్చారు.

పోయిన ఎండాకాలంలో అమ్మ చనిపోయింది. ఆవిడ పోయాక వచ్చిన మొదటి ఫ్చుమ్ బెన్ ఇది. ఈ పక్షం రోజులూ చచ్చిపోయినవాళ్ళు ఆకలితో విహారం విహారం తిరుగుతూ, తమవాళ్ళు పెట్టే ముద్ద కోసం వెతుక్కుంటారు. ఏడు విహారాలు తిరిగినా కన్నబిడ్డ కనపడకపోతే ఏడ్చి శపిస్తారంటారు. ఊరికి వెళ్ళొస్తానని మాలిస్ పక్షం మొదట్లోనే అడిగింది. "ఇంటినిండా జనం ఉంటే ఎలా వెళ్తావు? మీ తమ్ముడు ఉన్నాడుగా, పెడతాడు. నువ్విక్కడి విహారంలో పెట్టు. పోయినవాళ్ళకి దారి తెలీదా ఏంటి, మీ అమ్మ ఇక్కడికే వస్తుంది" అన్నాడు విసాల్. అతను ఓదార్పుగానే అన్నాడు. కానీ అమ్మ బతికుండగా ఈ పట్నం వచ్చింది ఒక్కసారే, మనవరాలు పుట్టినప్పుడు. బజారుకని వెళ్ళి ఇంటిదారి తప్పిపోయి, ఎవరిని అడగాలో తెలీక కూరగాయల గంపల మధ్య కూర్చుని ఏడ్చింది. బతికుండగానే దొరకని దారి చచ్చాక ఎలా దొరుకుతుంది? ఇక్కడి విహారంలో చీకటితోనే పోయినవాళ్ళ కోసం నువ్వుల అన్నం ముద్దలు విసురుతున్నప్పుడు, ఆ వందలమంది మధ్యలో అమ్మ లేదని, ఎక్కడో బజార్లోనే ఆగిపోయిందని మాలిస్‌కి గట్టిగా అనిపించింది.

ఆ సాయంత్రం వడ్డిస్తుంటే బొఫా అడిగింది. "నువ్వు బెంగ్ మెలియా చూశావా అమ్మాయ్? ఎలా ఉంటుంది?"

"లోపలికి ఎప్పుడూ వెళ్ళలేదు పిన్నీ. మా ఊరు ఆ దారిలోనే."

"అయితే రేపు మాతో వచ్చెయ్! బండిలో ఒక సీటు ఖాళీయేగా."

మాలిస్ చేతిలో గిన్నె ఆగింది. మొగుడి వైపు చూసింది. చూడకుండా ఉండాల్సింది.

"ఈవిడా?" విసాల్ పెద్దగా నవ్వాడు. "ఈవిణ్ణి బండెక్కిస్తే మీరందరూ దిగి నడవాల్సిందే! ఒకసారి పుట్టింటికి తీసుకెళ్తే దారి పొడుగునా వాంతులే. పైగా ఈవిడ కూడా వస్తే రాత్రికి మీకు అన్నం ఎవరు పెడతారు?"

అందరూ నవ్వారు. మాలిస్ కూడా నవ్వింది. అప్పుడు తను కడుపుతో ఉందని చెప్పలేదు. అతను మర్చిపోయాడో, నవ్వులాటకి అది అడ్డమని వదిలేశాడో.

మూల చాప మీద తమలపాకులు నములుతున్న అత్తగారు యిన్ అందుకుంది. "గుళ్ళెక్కడికి పోతాయే? మన తాతల తాతల్నుంచీ అక్కడే ఉన్నాయి. పిల్ల పెద్దదయ్యాక చూడొచ్చులే."

మర్నాడు తెల్లవారుతూనే మాలిస్ అన్నం పొట్లాలు కట్టి, చేపల వేపుడు విడిగా సర్ది, బండి దాకా మోసుకెళ్ళింది. ఆ ఖాళీ సీట్లో విసాల్ ఐస్ పెట్టెని కూర్చోబెట్టాడు. అది అటూ ఇటూ ఒరక్కుండా సీటు బెల్టు కూడా పెట్టాడు. బండి మలుపు తిరిగేదాకా ఆమె అక్కడే నిలబడింది. లోపలికొచ్చి దుప్పట్లు నానబెట్టింది.

చీకటి పడుతుండగా వాళ్ళు ఎండకి కమిలిన మొహాలతో, సంతోషంగా తిరిగొచ్చారు. బొఫా నేరుగా వంటింట్లోకొచ్చింది.

"మీ ఊరు చూశానమ్మాయ్. దారి పక్కనే విహారం, మైకులో మంత్రాలు. బండి ఆపించి నేనొక్కదాన్నే లోపలికెళ్ళాను. నిన్న నువ్వు మీ అమ్మ సంగతి మా చెల్లెలితో అంటుంటే విన్నాలే. ఆవిడ పేరున ఇంత అన్నం పెడదామనిపించింది. తీరా భిక్షువు పేరడిగితే నాకు తెలీదాయె. గెస్ట్‌హౌస్ విసాల్ అత్తగారని చెప్పాను. ఏమనుకోకు తల్లీ."

"ఏమనుకుంటాను పిన్నీ. పుణ్యం చేశారు" అంది మాలిస్. ఆవిడ చేతులు పట్టుకుని నుదుటికి ఆనించుకుంది కూడా. ఆవిడ వెళ్ళాక పొయ్యి ముందు చతికిలబడింది. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి అమ్మకి అన్నం పెట్టింది. బిడ్డ పెట్టలేదు. ఆఖరికి ఆ అన్నం కూడా విసాల్ పేరు మీదే అందింది అమ్మకి.

లేచి, చేతులు తుడుచుకుని, వరండాలోకెళ్ళింది. విసాల్ కాళ్ళు బారజాపుకుని కూర్చున్నాడు.

"రేపు నేను ఊరెళ్తున్నాను బాంగ్."

"రేపా? పైగదులకి కొత్తవాళ్ళు దిగేది రేపే. వంట?"

"వెళ్తున్నాను" అంది మళ్ళీ.

"అది కాదు ఓన్, ఇవాళ బొఫా పిన్ని పెట్టిందటగా, మళ్ళీ..."

"వంట నేను చేస్తా" అంది చాప మీంచి యిన్.

విసాల్ తల్లి వైపు తిరిగాడు. "నువ్వా? నీ నడుము..."

"నా చేతి కూడు తినే ఇంతవాడివయ్యావురా. మనవరాలు కూరలు తరుగుతుంది. చాలకపోతే నువ్వున్నావు, చేతులు లేవా?" ముసలామె ఆకు ఉమ్మి, కోడలి వైపు చూసింది. ఆ చూపులో వెక్కిరింత లేదు. "మా అమ్మని పోల్ పోట్ రోజుల్లో ఎక్కడికి తోలుకుపోయారో, ఏ గట్టు కింద పూడ్చారో ఈ రోజుకీ తెలీదు. అందుకే కనపడ్డ విహారంలోకల్లా దూరి పెడుతుంటాను, ఎక్కడో ఒకచోట తగలదా అని. నీకు విహారం ఏదో తెలుసు కదే. తెలిసుండీ ఇక్కడెందుకు కూర్చున్నావు? పో."

ఇంతకాలం కలిసి ఒకే పొయ్యి మీద వండుకున్నారు గాని ఆవిడ ఈ మాట ఏనాడూ చెప్పలేదు. మాలిస్ వంగి అత్తగారి పాదాలు పట్టుకుంది. "సరేలే, సరేలే, నువ్వుల డబ్బా ఎక్కడుందో చెప్పి పో" అంది ముసలామె.

తెల్లవారుజామున షేర్ టాక్సీ ఎక్కింది. కిటికీ పక్కన కూర్చుంటే దారిలో కడుపులో తిప్పనైనా లేదు. ఊరి విహారంలో తమ్ముడి పక్కన కూర్చుని, అరటాకులో చుట్టిన జిగురుబియ్యం పొట్లాలు, అమ్మకిష్టమైన పులిసిన చేపల కూర భిక్షువుల ముందుంచింది. "ఎవరి పేరున?" అని అడిగారు. "సుయ్. మా అమ్మ" అని చెప్పింది. మైకులో అమ్మ పేరు వరిచేల మీదుగా వినపడుతుంటే కండువాలో మొహం దాచుకుని కరువుతీరా ఏడ్చింది. తమ్ముడు వీపు నిమిరాడు. "వస్తావని అమ్మ చూసే ఉంటుందక్కా" అన్నాడు.

మధ్యాహ్నం అతనే మోటారుబండి మీద బెంగ్ మెలియా దగ్గర దింపి, పొలం పని చూసుకొస్తానని వెళ్ళాడు. పడగలెత్తిన రాతి నాగుల్ని దాటి ఆమె ఒక్కతే నడిచింది. కూలిన గోడల మీద నాచు అంత పచ్చగా ఉంటుందని ఎవరూ ఆమెకి చెప్పలేదు. రాళ్ళ సందుల్లో ఊడలు అల్లుకుపోయి, ఏది గుడో ఏది చెట్టో తెలియకుండా ఉంది. ముసలివాళ్ళకి వద్దని తను చెప్పే ఆ రాళ్ళ గుట్ట ఎక్కి, పైన కూర్చుంది. చెమట ఆరింది. ఎక్కడో పిట్ట కూసింది. ఎవరికీ ఏమీ వడ్డించక్కర్లేని నిశ్శబ్దం.

ఫోను మోగింది.

"ఓన్, పైగదుల వాళ్ళు దిగారు. రేపు ముందు ప్రే రూప్ గుడికి తీసుకెళ్ళాలా, తూర్పు మెబాన్‌కా? అడుగుతున్నారు."

జవాబు ఆమె నాలుక చివరే ఉంది. బయటికి రానివ్వలేదు.

"నేనిప్పుడు గుళ్ళో ఉన్నాను బాంగ్."

ఫోన్లో వెనకాల గిన్నెల చప్పుడు, అత్తగారు ఎవరినో కసురుతున్న గొంతు. తర్వాత విసాల్ మెల్లగా, అలవాటు లేని మాట అడుగుతున్నట్టు అడిగాడు.

"మరి ఎప్పటికి తిరిగొస్తావు?"

మాలిస్ ఎదురుగా ఉన్న గుమ్మాన్ని చూసింది. దాని అవతల ఇంకో గుమ్మం, దాని అవతల ఇంకోటి.

"ఇంకా అనుకోలేదు" అంది.