తొమ్మిది వీపులు

బండి చక్రం ఊడి రోడ్డు మధ్యకి దొర్లిపోయేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. వెనకాల కారువాడు హారన్ మీంచి చెయ్యి తియ్యడం లేదు.

"హారన్ కొడితే అదే నడుచుకుంటూ వచ్చి కూర్చుంటుందా నాయనా!" అని అరిచి, చక్రం వెంట పరిగెత్తింది గడియారం. తోడికోడలు బండి ఒరిగిపోకుండా భుజం ఆనించి నిలబడింది. రెండు రోజుల చెత్త. పైనుంచి ఏదో నల్లటి నీరు ఆమె మెడ మీదుగా రవికలోకి కారుతోంది. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

గడియారం అనేది చక్రం వెంట పరిగెత్తినామెకు తోటివాళ్ళు పెట్టిన పేరు. పదకొండేళ్ళుగా పొద్దున్న అయిదు కొట్టేసరికి చీపురుతో వీధి మొదట్లో నిలబడుతుంది. వాన పడ్డా అంతే, ఒళ్ళు కాలిపోతున్నా అంతే. కంట్రాక్టరు లెక్కలో మాత్రం ఆమె ఇరవై ఏడో నంబరు. పన్నెండు వీధులకి తొమ్మిదిమంది ఆడవాళ్ళు, రోజుకి నాలుగు వందల యాభై కూలి. రెండు నెలల కిందటిదాకా వారానికి ఏడు రోజులూ పనుండేది. ఇప్పుడు బుధవారం, ఆదివారం లేదు, మున్సిపాలిటీ ఆఫీసు కోసేసిందని కంట్రాక్టరు చెప్పాడు. ఆ కోత పడ్డ వారమే గడియారం తన అత్తగారి చక్కెర జబ్బు మాత్రలు విరిచి, పూటకి సగం వెయ్యడం మొదలుపెట్టింది. ముసలామెకి చూపు సరిగ్గా ఆనదు కాబట్టి ఇంకా కనిపెట్టలేదు.

ఎలాగో చక్రం తగిలించి షెడ్డుకి చేరేసరికి కంట్రాక్టరు స్కూటర్ మీద కూర్చుని ఉన్నాడు. ఇతను మేస్త్రిని కూడా పెట్టుకోడు, ఆ జీతం కూడా తనకే మిగలాలని. ఆఫీసు చూపించమన్న హాజరు కూడా తనే చూస్తాడు. పని అయ్యాక తొమ్మిదిమందీ నారింజ రంగు చొక్కాలు తొడుక్కుని అటు తిరిగి నిలబడాలి. వీపుల మీద నంబర్లు కనబడేట్టు ఫోన్లో ఫొటో తీసి ఆఫీసుకి పంపుతాడు. అక్కడివాళ్ళు నంబర్లు చూసుకుని డబ్బు విడుదల చేస్తారు. చొక్కాలు మళ్ళీ పెట్టెలో పడేసి తాళం వేసుకుంటాడు. "మన మొహాలు చూస్తే వాళ్ళకి అన్నం సయించదేమో, వీపులు చాలంటున్నారు" అని ఆడవాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

ఆ రోజు ఫొటో అయ్యాక అతను స్కూటర్ దిగకుండానే చెప్పాడు.

"ఒకటో తారీకు నుంచి అయిదుగురే. ఇరవై ఆరు, ఇరవై ఏడు, ముప్ఫై, ముప్ఫై ఒకటి, మీరు నలుగురూ రానక్కర్లేదు."

ఇరవై ఆరు తోడికోడలిది. ఆమె కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది.

"ఎందుకు బాబూ? ఏం తప్పు చేశాం?" అంది గడియారం.

"తప్పేం లేదు. ఆ పరిగెత్తేవాళ్ళు వస్తున్నారుగా. చదువుకున్నవాళ్ళు, సరదాగా చేసిపెడుతున్నారు. కూలి అడగరు, ఆఖరికి మంచినీళ్ళు కూడా వాళ్ళవే తెచ్చుకుంటారు. ఇంక మిమ్మల్ని పెట్టుకుని ఆఫీసుకి ఏం చెప్పమంటావు?"

ఆ పరిగెత్తేవాళ్ళని ఆమె ఎరుగును. ముప్ఫైమంది ఉంటారు. బుధవారం, ఆదివారం తెల్లవారగానే పార్కు గేటు దగ్గర పోగై, మూడు నాలుగు మైళ్ళు గుంపుగా పరిగెత్తి, ఎక్కడో ఒకచోట ఆగి ఏదో ఒక మంచిపని చేసి, మళ్ళీ పరిగెత్తుకుంటూ ఇళ్ళకి పోతారు. మొదట్లో బడి గోడలకి సున్నం వేశారు. ఎవరో ముసలాయన బీరువాని మూడంతస్తులు దింపిపెట్టారు. తరవాత చెత్త మీద పడ్డారు. ఒక్క పార్కునో ఒక్క మైదానాన్నో అద్దంలా చేసి పోతారు, మిగతా వీధులన్నీ మర్నాటిదాకా కుళ్ళుతూ ఉంటాయి. మంచివాళ్ళే, కాదనలేం. ఆ మంచితనమే తొమ్మిది కొంపలు ముంచుతోంది.

గడియారం చీపురు విసిరికొట్టింది. తిన్నది అరగక పరిగెత్తే జనం వచ్చి తన నోటి దగ్గర కూడు లాక్కోవడమా! కంట్రాక్టరు సరే, వాడి సంగతి పదకొండేళ్ళుగా తెలిసిందే. వీళ్ళకేం వచ్చింది?

"ఏడవకే" అంది దారిలో తోడికోడలితో. "వాళ్ళ చేత చేపల మార్కెట్టు వెనక కాలువ తీయిస్తాను చూడు. ఒక్కసారి ఆ బురదలో చెయ్యి పెట్టారంటే మళ్ళీ ఈ జన్మలో చీపురు ముట్టరు."

"వాళ్ళు మానేస్తే మనల్ని ఉంచుతాడా అక్కా?"

"ఇంకెవరున్నారు వాడికి? ఉంచక చస్తాడా!"

పరిగెత్తేవాళ్ళకి పెద్ద ఒక పళ్ళ డాక్టరమ్మ. ఆమె ఆస్పత్రి తలుపు మీదే కాగితం అంటించి ఉంటుంది, ఎవరికి ఏ సాయం కావాలన్నా లోపలికి వచ్చి చెప్పండి అని. ఆ సాయంత్రమే గడియారం ఒళ్ళు కడుక్కుని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని వెళ్ళింది.

"రండమ్మా, కూర్చోండి. ఏ పన్ను?" అంది డాక్టరమ్మ.

"నా పళ్ళన్నీ రాళ్ళు నమిలేలా ఉన్నాయి. ఈ వీధులు ఊడ్చేదాన్ని నేను. మార్కెట్టు వెనక కాలువే బాగాలేదు. ఏడాదై ఎవరూ ముట్టలేదు. చుట్టుపక్కల పిల్లలకి జ్వరాలొస్తున్నాయి."

జ్వరాల మాట అబద్ధం కాదు. అందుకే ఆమె గొంతు తడబడలేదు.

"ఈ ఆదివారమే వస్తాం" అని డాక్టరమ్మ ఎంతో ఉత్సాహంగా రాసుకుంది.

ఆదివారం ఆరు కాకముందే గడియారం, తోడికోడలు మార్కెట్టు వెనక అరుగు మీద సినిమాకి వచ్చినట్టు కూర్చున్నారు. సరిగ్గా ఆరుంపావుకి దుమ్ము రేపుకుంటూ గుంపు వచ్చి ఆగింది. రంగురంగుల బూట్లు, చేతులకి గడియారాలు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే, కంట్రాక్టరు ముందే గట్టున దింపించి ఉంచిన పారలూ చీపుళ్ళూ సంచులూ అందుకున్నారు.

మొదటి పార దిగగానే అడుగున ఏడాదిగా కుళ్ళిన పేగులూ పొలుసులూ కదిలి వాసన గుప్పుమంది. ఒక కుర్రాడు పక్కకి పోయి కడుపులో ఉన్నదంతా కక్కాడు. వాడిని పట్టుకోబోయిన పెద్దమనిషి తనూ కక్కాడు. ఒకామె కాలు జారి తొడల దాకా దిగబడి, కెవ్వున కేకపెట్టింది.

"చల్లగా ఉందే ప్రాణానికి" అంది గడియారం. తోడికోడలు కొంగు నోట్లో కుక్కుకుంది.

కాని వాళ్ళు పోలేదు. మూతులు కడుక్కుని వచ్చి మళ్ళీ దిగారు. అర్ధగంట గడిచింది, గంట గడిచింది. బురద సంచులకెక్కుతోంది, సంచులు గట్టున వరస కడుతున్నాయి. గడియారానికి ఉన్న సంతోషం కాస్తా ఇంకిపోయింది. వీళ్ళు పోయేలా లేరు. దీనికే పోనివాళ్ళు ఇంక దేనికి పోతారు? పైగా ఆ డాక్టరమ్మ పారని గరిటె పట్టుకున్నట్టు పట్టుకుని నడుం విరగ్గొట్టుకుంటోంది. అది చూస్తూ కూర్చోవడం గడియారం వల్ల కాలేదు.

"ఇలా కాదమ్మా. కుడిచెయ్యి కిందికి జార్చండి. మోకాలు వంచాలి, నడుం కాదు" అని వెళ్ళి చూపించింది, తిట్టినంత కటువుగా.

డాక్టరమ్మ రొప్పుతూ నవ్వింది. "ఇవాళ కూడా వచ్చారేంటమ్మా? సెలవు కదా, హాయిగా పడుకోకుండా."

"సెలవేంటి?"

"కంట్రాక్టరుగారు చెప్పారుగా. మేము చేసే రెండు రోజులూ మీకు జీతంతో సెలవని. అది విన్నాకే మావాళ్ళు చెత్తపనికి ఒప్పుకున్నారు. పాపం, మీకూ ఒక ఆదివారం ఉండాలని."

గడియారం చేతిలో పార అలాగే ఆగిపోయింది. ఏదో అనబోయేలోపు సందు మొదట్లో వ్యాను ఆగింది. కంట్రాక్టరు ఇస్త్రీ చొక్కాలో, ఒక చేతిలో అరటిపళ్ళ గెల, ఇంకో చేతిలో పెట్టెతో దిగాడు. అతను చూసేలోపే గడియారం వెనక్కి జరిగి అరుగు వెనక నీడలో తోడికోడలి పక్కన చేరింది.

"శభాష్! శభాష్! ఒక్క ఫొటో తీసుకుందాం సార్. ఎప్పట్లాగే తొమ్మిదిమంది చాలు. చీపుళ్ళు పట్టుకుని అటు తిరగండి. మొహాలొద్దు, పేరు కోసం చేసినట్టుంటుంది. వెనకనుంచైతేనే అందం" అంటూ పెట్టె తెరిచాడు.

నారింజ చొక్కాలు బయటికి వచ్చాయి. బురద బట్టల మీదే తొడుక్కుని తొమ్మిదిమంది వరసగా అటు తిరిగారు. డాక్టరమ్మ వీపు మీద ఇరవై ఏడు. భుజం దగ్గర చిరుగు, దానిమీద నీలం దారంతో కుట్టు. నారింజ దారం దొరక్క గడియారం తన చేత్తో వేసుకున్న కుట్టే అది.

ఆమెకి అర్థం కావడానికి రెప్పపాటు పట్టలేదు. ఆఫీసు ఏ రోజులూ కొయ్యలేదు. రెండు నెలలుగా బుధవారం బుధవారం, ఆదివారం ఆదివారం తన నంబరు పనిలోనే ఉంది. తను ఇంట్లో మాత్రలు విరుస్తుంటే తన వీపు ఇక్కడ కూలి సంపాదించింది. అది తిన్నవాడు ఇదిగో, ఎదురుగా అరటిపళ్ళు పట్టుకుని నిలబడ్డాడు. ఒకటో తారీకు నుంచి నలుగురి చొక్కాలు ఎవరికో ఒకరికి తొడిగి, వాళ్ళ కూలి పూర్తిగా తింటాడు. మూడు రోజులుగా ఆమెలో పోగైన కసి అంతా, తప్పు ఇంటి మీదినుంచి లేచి వచ్చి అసలు ఇంటి మీద వాలింది.

"ఇటు తిరగండి డాక్టరమ్మా!"

ఆ కేకకి తొమ్మిదిమందీ తిరిగారు. కంట్రాక్టరు ఫోను జేబులోకి తోసేశాడు.

"నువ్వేంటే ఇక్కడ? సెలవు రోజున—"

"ఏ సెలవు? జీతంతో సెలవా? ఇప్పుడే తెలిసింది నాకు, ఇన్నాళ్ళూ నేను జీతం తీసుకుంటున్నానని. ఆ జీతం రుచి ఎలా ఉంటుందో నువ్వే చెప్పాలి." గడియారం అతని వంక చూడనైనా చూడకుండా డాక్టరమ్మ దగ్గరికి నడిచింది. "మీరు వేసుకున్నది నా చొక్కా. ఆ నంబరు నాది. దాన్ని ఫొటో తీసి పంపితే నేను పని చేసినట్టు లెక్క. నాకు వారానికి రెండు రోజులు పని లేదు. ఒకటో తారీకు నుంచి అసలే లేదు, మీరున్నారని."

డాక్టరమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. "మేము... మీకు మేలు చేస్తున్నామనుకున్నాం."

"అనుకున్నారు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు మమ్మల్ని అడిగారా?"

డాక్టరమ్మ చొక్కా విప్పి రెండు చేతులతో అందించింది. మిగతా ఎనిమిదిమందీ విప్పారు. ఇందాక కక్కిన కుర్రాడు చేతి గడియారం నొక్కుకుంటూ, "మేము వచ్చిన ప్రతి రోజూ ఇందులో ఉంది, ఎక్కడ, ఎంతసేపు అన్నీ. ఆ చొక్కాలతో మా మొహాలున్న ఫొటోలు కూడా ఉన్నాయి" అన్నాడు.

"రేపు ఆఫీసుకి మేమూ వస్తామమ్మా" అంది డాక్టరమ్మ.

"రండి. కాని ముందు మేము తొమ్మిదిమందిమీ మాట్లాడతాం. మీరు వెనక నిలబడండి."

కంట్రాక్టరు గబగబా వచ్చి గడియారాన్ని పక్కకి పిలిచాడు. గొంతు తగ్గించాడు. "పిచ్చిదానిలా అరవకు. నీకూ మీ తోడికోడలికీ ఏడు రోజులూ పని ఇస్తాను. ఇవాళ్టినుంచే. పోయినవి కూడా చూసుకుందాం. సరేనా?"

తోడికోడలు అక్క మొహంలోకి చూసింది. ఒప్పుకోమని ఆ కళ్ళు ప్రాధేయపడుతున్నాయి. ఆమెకి ముగ్గురు పిల్లలు. గడియారం ఒక్క క్షణం ఆ కళ్ళకేసి చూడలేకపోయింది. తరవాత సందంతా వినబడేలా అంది.

"మా ఇద్దరికీ పనిస్తాట్ట. మిగతా ఏడుగురి వీపులూ అమ్ముకోవడానికి మా ఇద్దరి నోళ్ళూ కొంటాట్ట. నాకొద్దు."

కంట్రాక్టరు మొహం జేవురించింది. ఏదో అనబోయి చుట్టూ చూశాడు. అప్పటికే చేపలమ్మేవాళ్ళు గంపలతో వస్తున్నారు. అరవై పైచిలుకు సంచులు సందుకి అడ్డంగా ఉన్నాయి. "ఎవడయ్యా ఈ కుళ్ళు దారిలో పెట్టింది? బేరాలు చేసుకోవాలా వద్దా!" అని ఒకావిడ గంప దించి నడుం మీద చేతులు పెట్టుకుంది. మరో నలుగురు ఆవిడకి తోడయ్యారు.

"సార్, కాస్త ఈ సంచులు వ్యాన్లో..." అన్నాడు కంట్రాక్టరు గుంపు వైపు తిరిగి.

డాక్టరమ్మ గడియారం వైపు చూసింది. "ఎత్తమంటారా అమ్మా?"

"వద్దు" అంది గడియారం.

ముప్ఫైమంది పారలు గోడకి ఆనించారు. డ్రైవరు కిటికీలోంచి తల బయట పెట్టి, తను నడపడానికి వచ్చాడు గాని ఎత్తడానికి రాలేదని చెప్పి అద్దం ఎత్తేసుకున్నాడు. చేపలవాళ్ళ అరుపులు పెరిగాయి. కంట్రాక్టరు ఇటూ అటూ చూసి, చొక్కా చేతులు పైకి మడిచి, మొదటి సంచి అంచు పట్టుకుని లాగాడు. అది కదల్లేదు. రెండోసారి బలంగా లాగేసరికి నల్లటి నీరు ఇస్త్రీ చొక్కా మీద, మెడ మీద, మూతి మీద చిమ్మింది. వాంతి ఆపుకుంటూ సగం లేపాడు, లేపిన సంచి దించలేక ఎత్తలేక వంగిపోయి నిలబడ్డాడు. ఎదురుగా అరుగు మీద గడియారం కూర్చుని ఉంది, తొమ్మిది చొక్కాలూ ఒళ్ళో పెట్టుకుని.

"అమ్మా," అన్నాడు. పదకొండేళ్ళలో ఆమెని అతను అలా పిలవడం అదే మొదలు. "ఒక్క చెయ్యి వెయ్యమ్మా."

గడియారం తీరిగ్గా అతన్ని కింది నుంచి పైదాకా చూసింది.

"వెయ్యను" అంది.