బనీను మీద బొట్టు

నేను ఒక టైటానియం పలకను. జానెడు పొడవు, గోరంత మందం. ఎక్కడో కార్ఖానాలో నన్ను కోసి, పన్నెండు చిల్లులు పెట్టి, అద్దంలా సాన పట్టారు. ఇంత ముస్తాబు ఎవరు చూడటానికో అనుకున్నాను. తీరా నన్ను పంపింది వెలుతురే పడని చోటికి.

బెజవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లుగా లేత్ మిషన్ మీద పనిచేస్తున్న నాగాచారికి ఛాతీలో గడ్డ లేచింది. డాక్టర్లు దాన్ని మూడు పక్కటెముకలతో సహా తీసేసి, ఆ ఖాళీలో నన్ను బిగించారు. మెలకువ రాగానే ఆయన అడిగిన మొదటి మాట, "ఎన్ని స్క్రూలు వేశారు?" పన్నెండన్నారు. "వాషర్లు?" వేయలేదన్నారు. ఆయన ముఖం వాడిపోయింది. వాషర్ లేని స్క్రూ అదురుకు వదులవుతుందని ఆయనకు తెలిసినంతగా డాక్టర్లకేం తెలుసు?

ఇంటికొచ్చాక, ఆ అదురుకు నేనెక్కడ ఊడిపోతానోనని దగ్గడం మానేశాడు. దగ్గు వస్తే అన్నంముద్దలా మింగేసేవాడు. నా వెనకున్న ఊపిరితిత్తిలో కఫం పేరుకుపోతోంది. ఆ గురగుర ముందు వినేది నేనే. "ఇలాగే ఉంటే జ్వరం తగులుకుంటుంది, మళ్లీ ఆసుపత్రే," అని రోజూ వ్యాయామం చేయించడానికొచ్చే జరీనా మొత్తుకునేది. నేను కదలనని ఆయనకు చెప్పాలని ఎంతో ఉండేది. నాకు నోరు పెట్టలేదు.

అంతలో ఆయుధపూజ వచ్చింది. ఆయన అక్క మాణిక్యాంబ ఇంటి ముందు షెడ్డులో ఉన్న లేత్‌కి బొట్లు పెట్టి, కుంకుమ భరిణెతో నేరుగా మంచం దగ్గరికొచ్చింది.

"లోపల లోహముందా లేదా? దానికీ పెట్టాల్సిందే."

"గాయం మీద వద్దు పెద్దమ్మా!" అంది జరీనా.

చివరికి బనీను మీద మూడు బొట్లు పడ్డాయి, మెడలో బంతిపూల దండ పడింది. నేను ఇనుమునైనా కాను. అయినా దండం పెట్టించుకున్నాను.

నాగాచారికి మంచి సాకు దొరికింది. "పూజ చేసిన పనిముట్టుని ఆ రోజు కదపకూడదు. ఇవాళ దగ్గేది లేదమ్మాయ్. వెళ్లిరా."

సంచి సర్దుకోబోయిన జరీనా ఆగింది. వాళ్ల నాన్నది అదే వీధిలో లారీల షెడ్డు.

"లేత్‌కైతే సెలవు బాబాయ్. బండికి ఉండదుగా? నిమ్మకాయలు తొక్కించి, హారన్ కొడితేగానీ పూజ పూర్తికాదు."

"నేను బండినా?"

"పొద్దున బాత్‌రూమ్‌కి వెళ్లొచ్చారుగా. లేత్ ఎప్పుడైనా వెళ్లిందా?"

మాణిక్యాంబ కాసేపు ఆలోచించింది. "నిజమేరా. నువ్వు బండివే," అని తేల్చేసి, రెండు నిమ్మకాయలు తెచ్చి పాదాల కింద పెట్టింది.

ఇక తప్పలేదు. దగ్గితే గాయం అదరకుండా, పోయిన భార్య కుట్టిన బూరుగుదూది దిండుని జరీనా ఆయన ఛాతీకి ఆనించింది. "గట్టిగా హత్తుకోండి. ఇప్పుడు హారన్!"

మంచం అంచున కూర్చునే తొక్కాడు. ఒక నిమ్మకాయ చితికింది, రెండోది మంచం కిందికి దొర్లింది. మొదటి దగ్గు పిల్లికూతలా వచ్చింది. మూడోదానికి కఫమంతా కదిలి బయటపడింది. నేను ఉన్నచోటే ఉన్నాను.

ఆయన కదలకుండా కూర్చుని, లోపల ఏదైనా ఊడిన చప్పుడవుతుందేమోనని విన్నాడు.

"ఊగట్లేదక్కా," అన్నాడు. నేను వచ్చాక మొదటిసారి నిండుగా ఊపిరి పీల్చాడు. "బిగించినవాడెవడో గానీ పనిమంతుడే."

నాకు తుప్పు పట్టదు. ఆయన తర్వాత కూడా ఉంటాను. ఎప్పుడో మట్టిలో దొరికితే, ఏ బండి సామానా అని ఎవరో తిప్పి తిప్పి చూస్తారు. ఆ చూడటం ఎంత ఆలస్యమైతే అంత మంచిది. ప్రస్తుతం ఆయన రోజుకు పదిసార్లు హారన్ కొడుతున్నాడు. కొట్టిన ప్రతిసారీ ఆ దిండు మెత్తగా వచ్చి నాకు ఆనుకుంటుంది.