కండెల గంపలో బూర

వరంగల్ కొత్తవాడలో బూర ఊదడమంటే ఎవరైనా నా తర్వాతే. ఒకసారి నేను ఊదితే భద్రకాళి చెరువు మీది కొంగలు బెదిరి పరకాల దాకా ఎగిరిపోయి, దారి మరిచిపోయి, మర్నాడు బస్సెక్కి తిరిగొచ్చాయి. మా పక్కింటి అనసూర్యకు బూర మీద మొదటి పాఠం చెప్పింది కూడా ఈ కొమురెల్లే. నమ్మితే నమ్మండి, లేకుంటే లేదు. కథ మాత్రం నాది కాదు, ఆమెది.

అనసూర్య పొద్దున లేచి ముఖం కడుక్కోగానే ముట్టుకునేది పొయ్యి కాదు, కండెల మిషను. ఇంటి వెనక రేకుల షెడ్డులో నాలుగు సాంచాలున్నాయి. సాంచా అంటే కరెంటుతో నడిచే మగ్గమే. పోగును అటూ ఇటూ తీసుకుపోయే దాని నాడెలో నూలు చుట్టిన చిన్న కండె ఒకటి పెట్టాలి. అది అయిపోతే ఇంకొకటి, అదీ అయిపోతే మరొకటి. పెట్టకపోతే సాంచా ఆగుతుంది. ఆ కండెలన్నీ అనసూర్య చుట్టినవే. కాపురానికి వచ్చిన కొత్తలో అత్త చిలుకమ్మ ఒక పీట తెచ్చి మిషను ముందు వేసి కూర్చోబెట్టింది. కూతురు పుట్టింది, పెరిగింది, పెళ్లి చేసుకుని రఘునాథపల్లి పోయింది. పీట అక్కడే ఉంది, దాని మీద అనసూర్య అక్కడే ఉంది. మధ్యలో లేచి బియ్యం కడిగి పొయ్యి మీద పెడుతుంది, బట్టలు ఆరేస్తుంది, సాంచా మీద పోగు తెగితే పరుగెత్తి అతుకుతుంది, మళ్లీ వచ్చి కూర్చుంటుంది.

ఎవరైనా "మీ ఇంటామె ఏం జేస్తది లింగమూర్తీ?" అని అడిగితే ఆమె భర్త "ఏం జేస్తది, ఇంట్ల ఉంటది" అంటాడు. ఓర్వలేక అనే మాట కాదది, నిజమనుకునే అంటాడు. సాంచాలు తనవి, నడిపేది తను, నేసిన బట్ట తనది. కండెలంటారా, అవి ఎక్కడినుంచో వచ్చి గంపలో పడుతుంటాయి. వాన ఎవరు కురిపిస్తున్నారని ఎవరైనా అడుగుతారా?

సాంచాలు నడుస్తుంటే షెడ్డులో మాట వినపడదు. అందుకే సాంచాల ఇళ్లలో చెవికి పని తక్కువ. ఎదుటి మనిషి పెదవులు చూసి మాట పోల్చుకుంటారు. తాము మాట్లాడేటప్పుడు మాత్రం అరుస్తారు. దవాఖానకు పోయినా అరుస్తారు, చావు పలకరింపుకు పోయినా అరుస్తారు. లింగమూర్తి ఫోన్లో మాట్లాడితే ఫోను ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అనసూర్య మాత్రం అరవడం నేర్వలేదు. మెల్లగా మాట్లాడేది, ఎవరికీ వినపడేది కాదు. కొన్నేళ్లకు ఆమె పెదవుల వంక చూడడం కూడా ఇంట్లో అందరూ మానేశారు. పని చేసుకుంటూ ఏదో కూనిరాగం తీసేది. అది ఆమెకే వినిపించేది కాదు.

మా సందు చివర శ్యాంసుందర్ బ్యాండు ఉంది. పెళ్లిళ్ల సీజను ముందు బ్యాండు వాళ్ల ఎర్రకోట్లకు ఊడిన జరీ లేసులు కుట్టివ్వడం అనసూర్యకు అలవాటు. ఒక మధ్యాహ్నం కోట్లు ఇవ్వడానికి పోతే గోడకు ఒక పాత ట్రంపెటు వేలాడుతోంది. ఒక పక్క సొట్ట.

"దీన్ని ఊదేటాయన ఏడి అన్నా?"

"హైదరాబాద్ల సెక్యూరిటీ నౌకరికి వోయిండు చెల్లె. అప్పటికెల్లి గోడకే ఉన్నది."

ఎందుకు అడిగిందో ఆమెకే తెలియదు. "జర ఊది చూడొచ్చా?" అంది. తీసుకుని, పుట్టింట్లో కట్టెల పొయ్యిని గొట్టంతో ఊదినట్టు బుగ్గలు పూరించి శక్తికొద్దీ ఊదింది. పుస్సుమంది, అంతే.

శ్యాంసుందర్ నవ్వాడు. "అది పొయ్యి గాదు చెల్లె, ఎంత ఊదినా అంటుకోదు. పెదవులు రెండు దగ్గరవెట్టి బుర్రుమనిపియ్యాలె. పసిపిల్లలంటరు సూడు, అట్ల."

పరాయి మగవాడి ముందు, ఈ వయసులో, పసిపిల్లలా బుర్రుమనడం ఎలా? కొంగు అడ్డం పెట్టుకుని అంది. శ్యాంసుందర్ ఈసారి నవ్వలేదు. "ఆఁ, అదే. ఇగ బూరలకెల్లి అను." అనసూర్య బూరలోంచి అలాగే అంది. దూడ తప్పిపోయి అరిచినట్టు ఒక అరుపు వచ్చింది. గది గోడలు అదిరాయి. ఇంత శబ్దం తన లోపలినుంచి వచ్చిందా అని అనసూర్య వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరైనా ఉన్నారేమోనని.

మొదటి పాఠం కొమురెల్లి చెప్పాడన్న మాట ఇక్కడెక్కడా ఇమడడం లేదు కదూ! సరే, చెప్పేస్తాను. చాయ్ కోసం పోయి నేనూ అక్కడే కూర్చున్నాను. "ఇటియ్యి, నేను సూపెడ్త" అని తీసుకుని ఊదాను. శబ్దం రాలేదు. పైపళ్ల సెట్టు వచ్చింది. అనసూర్య దాన్ని కడిగి నా చేతిలో పెట్టింది. బూర మీద నా విద్య అంతే.

"ఎట్లయిన గోడకే ఉంటది, తీస్కపో చెల్లె. కని ఈడ ఊదకు, వాడంత ఇంటది, నీకే తిప్పలైతది" అన్నాడు శ్యాంసుందర్. అందుకని పాఠాలు శబ్దం లేకుండా నడిచాయి. కోట్లు ఇవ్వడానికో తేవడానికో పోయినప్పుడు ఏ స్వరానికి ఏ మీట నొక్కాలో ఆయన వేళ్లతో చూపించేవాడు. ఊదడం ఇంటికి పోయాక. ఇంట్లో బూరను కండెల గంప అడుగున దాచింది. లోకంలో అంత భద్రమైన చోటు లేదు. ఆ గంపలో అడుగుదాకా చెయ్యి పెట్టే మనిషి ఆమె ఒక్కతే.

గిన్నెలు తోముతూ పెదవులు బుర్రుమనిపించేది. చిలుకమ్మ ఉలిక్కిపడి, "పిలగాండ్లు బుర్రుమంటే వానొస్తదంటరు, ఇంట్ల పిలగాండ్లు లేకపాయె, ఎవలే అన్నది? ముందుగాల ఆరేసిన బట్టలు తీయి" అనేది. అనసూర్య పోయి బట్టలు తీసేది. పైపెదవి మీద గుండ్రని గుర్తు పడితే "ఏందే అది?" అంది. "కండె తాకింది అత్తమ్మా." చిలుకమ్మ నమ్మింది. కండె తాకని చోటు ఆ ఒంటి మీద ఏముందని?

కండెల మిషను షెడ్డు చివర అడ్డురేకు వెనక ఉంటుంది. మిషను మీద కండె తిరుగుతుంటే, అవతల నాలుగు సాంచాలు దడదడలాడుతుంటే, అనసూర్య బూర ఎత్తి ఊదేది. ఎవరికీ వినపడేది కాదు. చిక్కేమిటంటే, ఆమెకూ వినపడేది కాదు. పళ్లలో ఒక వణుకు, రొమ్ము ఎముకలో ఒక వేడి, అంతే. స్వరం కుదిరితే ఆ వేడి సన్నగా నిలబడేది, కుదరకపోతే చెదిరిపోయేది. ఒంటితోనే గుర్తుపట్టి నేర్చుకుంది. బతుకమ్మ చుట్టూ తిరిగేటప్పుడు ఉయ్యాలో అని సాగదీస్తారే, ఆ వరస దాకా వచ్చింది. వచ్చిందని తన వేళ్లు అంటున్నాయి, పెదవులు అంటున్నాయి. నిజంగా వచ్చిందా, ఇంకా ఆ దూడే అరుస్తోందా? అన్నం వండితే ఉప్పు చూసేవాళ్లున్నారు, బట్ట నేస్తే పట్టి చూసేవాళ్లున్నారు. ఇది తప్పో ఒప్పో చెప్పేవాళ్లు లేరు, చెప్పడానికి తన చెవులు కూడా లేవు. ఒక్కసారి వినాలి. మెచ్చుకోవడానికి కాదు, ఊరికే వినాలి. తన ఊపిరి బయటికి పోయి ఏమవుతోందో తెలియకుండానే ఈ జన్మ ఒడిసిపోతే ఎలా? ఈ ఆలోచన కండె చుట్టినట్టు ఆమెలో తిరుగుతూనే ఉండేది.

దసరా ముందు ఒక ఆదివారం లింగమూర్తి చెల్లెలు ప్రేమలత మరిపెడ నుంచి వచ్చింది. నాటుకోడి కూర. వాసన నన్ను కూడా పిలిచింది, పోయాను. షెడ్డుకు ఎదురుగా వెనక వసారాలో అందరం వరసగా కూర్చున్నాం. లింగమూర్తి సాంచాలు నడిచేలా వదిలేసి వచ్చి కూర్చున్నాడు. దసరా ఆర్డరు కదా, ఆగడానికి లేదు. అనసూర్య అందరికీ వడ్డించి, రెండో సారి వడ్డించి, కండెలు అయిపోతాయని షెడ్డులోకి పోయింది.

"వదిన మనతోని తినదా అన్నా?" అంది ప్రేమలత అరుస్తూ.

"నేను తిన్నంక నా కంచంల తింటది తియ్!" లింగమూర్తి కూడా అరుస్తూనే చెప్పాడు. ఆ ఇంట్లో ఆచారం అది. భర్త తిని వదిలిన కంచంలోనే భార్య తినాలి.

"పొద్దటికెల్లి సూస్తాన, గడియ కూసుంటలేదు పాపం."

"ఆమెకేం పనుంటది? ఇంట్ల కూసునుడే గదా!"

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. నాలుగు సాంచాలూ ఒక్కసారే ఆగాయి. లింగమూర్తి అరుపు ఒక్కటే ఖాళీ గాలిలో మిగిలి, "కూసునుడే గదా" అని ప్రహరీ గోడకు కొట్టుకుని వెనక్కి వచ్చింది. దాని వెనకే షెడ్డులోంచి ఒక స్వరం. సన్నగా మొదలై, నిండుగా నిలబడి, ఎండలో పెట్టిన ఇత్తడి బిందెలా వేడిగా, మెరుస్తూ. ఆ తర్వాత ఉయ్యాల వరస. మధ్యలో ఒక చోట పగిలింది, మళ్లీ అందుకుంది.

చిలుకమ్మ చేతిలో ముద్ద ఆగింది. "ఎవలదిరా పెండ్లి?"

"వదినేనా?" అంది ప్రేమలత, గాలికి ఎగురుతున్న కొంగు సర్దుకుంటూ.

అడ్డురేకు వెనక అనసూర్య బూర దించింది. దూడ కాదు. దూడ ఎప్పుడో పోయింది. పగిలిన చోటు కూడా వినిపించింది, అక్కడ పెదవి ఎందుకు జారిందో కూడా తెలిసింది. చెంపల మీద నీళ్లు కారుతున్నాయి, ఏడుపు మాత్రం రావడం లేదు. ఇంతలో సాంచాలు మళ్లీ కదిలాయి.

చుట్టాలు పోయేదాకా ఆగి అప్పుడు మొదలుపెట్టారు. "బ్యాండోళ్ల బూర ఊదుతవా? రేపు బరాత్ ముంగట కూడ నడుస్తవా? వాడల నా ఇజ్జత్ ఏం గావాలె?" అన్నాడు లింగమూర్తి. చిలుకమ్మ అంతకన్నా పైన అందుకుంది. "ఎంతమంది నోట్లె వెట్టుకున్నరో దాన్ని! పరాయి మగోళ్ల ఎంగిలి! థూ, మా ఇంట్ల ఇంతవరకు లేదమ్మా. రేపు తీస్కపోయి మొకాన వడేసి రా!"

అనసూర్య ఇంకా తినలేదు. లింగమూర్తి తిన్న కంచం ముందరే ఉంది. పులుసు ఎండి అంచుకు పట్టింది, పక్కన నమిలేసిన బొక్కలు. ఎన్నేళ్లుగానో ఇందులోనే తింది. ఎప్పుడూ ఏమీ అనిపించలేదు. ఇవాళ ఆ కంచాన్ని చాలాసేపు చూసింది. తీసుకుపోయి తోమి బోర్లించింది. చుట్టాల కోసం పైన దాచిన కంచాల్లోంచి ఒకటి దించి, అన్నం పెట్టుకుని కూర్చుంది.

"అదేందే?" అంది చిలుకమ్మ.

"ఎంగిలి వద్దంటిరి గద అత్తమ్మా."

మర్నాడు పొద్దున వంట చేసింది. తర్వాత కండెల మిషను ముందున్న పీట ఎత్తి తెచ్చి వసారాలో వేసుకుని కూర్చుంది. ఏమీ చేయదని పేరున్న మనిషి ఆ రోజు నిజంగానే ఏమీ చేయలేదు.

లింగమూర్తి సాంచాలు వేశాడు. గంపలో నిన్నటి కండెలున్నాయి, కాసేపు నడిచాయి. మొదట ఒక సాంచా ఆగింది. గంపలో చెయ్యి పెట్టాడు, బూర తప్ప ఏమీ తగల్లేదు. రెండోది ఆగింది. గుమ్మంలోకి వచ్చి, "కండెలేయి?" అన్నాడు. కాపురంలో ఆ మాట అడగడం అదే మొదలు.

"ఏమో. ఇంట్ల కూసున్నదాన్ని, నాకేం దెలుస్తది."

"పానం మంచిగ లేదా?"

"మంచిగున్న."

తనే పోయి మిషను దగ్గర కూర్చున్నాడు. పీట లేదు, నేల మీదే. చుట్టిన కండె మధ్యలో బుర్రకాయలా ఉబ్బి, నాడెలో ఇరుక్కుంది. మూడో సాంచా కూడా ఆగింది.

"పోవే, వాడు ఒక్కడు తిప్పలు వడ్తాండు" అంది చిలుకమ్మ.

"నాకన్న ముందుగాల ఈ పీట మీద మీరే గద అత్తమ్మా? మీరు చుట్టిన కండెలు ఎవలన్న లెక్కవెట్టిండ్రా?"

చూపుడువేలి మీద నూలు కోసిన గాడి చిలుకమ్మకు ఇంకా మానలేదు. దాన్ని బొటనవేలితో రుద్దుకుంటూ గోడకు ఆనుకుంది. "ఎవలు వెడ్తరు" అంది.

నాలుగోది ఆగింది. కొత్తవాడలో పట్టపగలు ఆ ఇల్లు నిశ్శబ్దమైంది. అనసూర్య లేచి పోయి కండెలన్నీ అయిపోయిన గంపలోంచి బూర తీసుకుని వసారాలోకి వచ్చింది. నిన్న పగిలిన చోట ఇవాళ పగలలేదు. లింగమూర్తి వేళ్లకు నూలు చిక్కుపడి, విడిపించుకోలేక, అలాగే గుమ్మంలో నిలబడి విన్నాడు. అయిపోయాక ఆమె బూరలో చేరిన నీళ్లు తులసి గద్దెకు దూరంగా వంచేసి అతని వేళ్ల చిక్కు విడదీసింది.

"కండెలు చుడ్త. రోజు మాపటికి ఒక గంట సాంచాలు ఆగుతయి. నేను ఊదుకుంట."

"సాంచాలు ఆగితే ఎట్ల గడుస్తదే?"

"ఇయ్యాల ఆగినయి గద. గడిచింది."

అతను ఆమె పెదవుల వైపే చూస్తున్నాడు, సాంచాలు ఆగి ఉన్నా.

ఇప్పుడు మా వాడలో సాయంత్రం ఒక గంట ఆ షెడ్డు నిద్రపోతుంది. చిలుకమ్మ వాకిట్లో కూర్చుని "ఇయ్యాల మంచిగనే ఊదింది" అని పోయేవాళ్లకూ వచ్చేవాళ్లకూ చెబుతుంది, అరుస్తూనే.

ఇందులో నీ కల్పన ఎంత కొమురెల్లీ అని అడుగుతారు. కొంగలు బస్సెక్కింది నిజమే, కండక్టరును అడగండి. కల్పించింది ఒక్కటే. ఆ ఆదివారం కరెంటు పోలేదు. పోయిందని వాడంతా చెప్పుకొచ్చింది నేనే, ఆమె నన్ను అడగనూ లేదు. మేం తింటున్నంతసేపూ మా నెత్తిమీద ఫ్యాను తిరుగుతూనే ఉంది, ఒక్కరూ తలెత్తి చూడలేదు. షెడ్డు మెయిను స్విచ్చి కండెల మిషను పక్కనే, కూర్చున్న మనిషి కుడిచేతికి అందేంత దూరంలో ఉంటుంది. అక్కడినుంచి అడ్డురేకు పక్కగా తలుపులోంచి చూస్తే, వసారాలో అన్నం తింటున్న లింగమూర్తి పెదవులు తేటగా కనిపిస్తాయి.